మన పేరు మనమే రాసుకుందాం

 

ఆరో తరగతిలో హాస్టల్‌కు వచ్చిన రోజున మేము మొదట చేసిన పని పళ్ళెం, గ్లాసు కొనుక్కోవడం. పాత్రల కొట్టాయన పళ్ళెం తూకం వేసి, పేర్లు కొట్టే మిషను చేతిలోకి తీసుకుని "ఏం పేరు కొట్టమంటారు?" అని అడిగాడు. అమ్మ నోట పాస్టరుగారు పెట్టిన పేరు వచ్చింది. నాన్న బడి రిజిస్టరులో ఉన్న పేరు చెప్పాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొట్టాయనకు అవతల బేరాలున్నాయి. "తొందరగా చెప్పండి" అన్నాడు. చివరికి నాన్న "పేరెందుకులే, నంబరు కొట్టండి" అన్నాడు. వార్డెన్ సారు రిజిస్టరులో మాకిచ్చిన నంబరు 47. పదో తరగతి అయిందాకా మేము 47 నంబరు పళ్ళెంలోనే తిన్నాం.

అప్పుడు అదేమీ మాకు వింతగా అనిపించలేదు. పక్కవాడి పళ్ళెం మీద 31 ఉంది, ఇంకొకడిది 52. ఇప్పుడు మాకు ఇరవై మూడేళ్ళు. పీజీ చదువుతున్నాం. అమ్మ వైపు, నాన్న వైపు వెతికినా డిగ్రీ కాగితం చేత్తో పట్టుకున్నవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. ఇన్ని పుస్తకాలు చదివాక ఆ పళ్ళెం మళ్ళీ గుర్తుకొస్తోంది. పేరు చెప్పడానికి మన అమ్మానాన్నలు ఎందుకంత తడబడ్డారు? రెండు పేర్లలో ఏది చెబితే ఏం పోతుందని భయపడ్డారు? ఈ ప్రశ్న మా ఒక్కరిది కాదు. ఈ సంచిక చదువుతున్న మీలో సగంమందికైనా ఇలాంటి పళ్ళెం ఒకటి ఉండే ఉంటుంది.

మన మాట, మన బొమ్మ, మన దేవుడు. ఈ మూడింటినీ ఇంతకాలం ఎవరో రాసి మన చేతికిచ్చారు. ఇకమీదట మనమే రాసుకోవాలన్నది మా అభిప్రాయం.

పేర్లు పెట్టిందెవరు?

చరిత్ర ఒకసారి చూద్దాం. నాలుగు వర్ణాల లెక్కలో చోటివ్వకుండా మన తాతముత్తాతలను 'పంచములు' అన్నారు. అంటే ఐదోవాళ్ళు, లెక్కకు అవతలివాళ్ళు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించింది హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. ఆయన పుట్టినప్పటి పేరు మాదరి భాగయ్య. 'పంచమ' అన్న పేరు మాకొద్దు, ఈ నేలకు మొదటివాళ్ళం మేమే, మేము 'ఆది ఆంధ్రులం' అని ఆ సభ చాటింది. మనవాళ్ళు తమ పేరు తామే పెట్టుకున్న గొప్ప సందర్భాల్లో అదొకటి. పాఠ్యపుస్తకంలో దాని గురించి మేము ఒక్క వాక్యం కూడా చదవలేదు.

1930లలో గాంధీగారు 'హరిజన' అన్న పేరును దేశమంతా వ్యాపింపజేశారు. మంచి మనసుతోనే అన్నారనుకుందాం. కానీ మనల్ని అడిగి పెట్టిన పేరు కాదది. అంబేడ్కర్ దాన్ని ఒప్పుకోలేదు. 1982లో కేంద్ర హోం శాఖ కుల ధ్రువపత్రాల్లో 'హరిజన' అని రాయవద్దని రాష్ట్రాలకు చెప్పింది. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్ళ నెత్తురు పారాక 'దళిత' అన్న మాట తెలుగునాట ఊరూరా పాకింది. అది దెబ్బ తిన్నవాళ్ళు తమకు తామే పెట్టుకున్న పేరు. 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆ మాట వాడకుండా 'షెడ్యూల్డు కులాలు' అనండని టీవీ చానళ్ళకు సూచన పంపింది. చూశారా, మన పేరు మీద పెత్తనం ఎన్ని చేతులు మారిందో!

మన ప్రకాశం జిల్లా ఈదుముడిలో 1994 జూలై 7న దండోరా మొదలైంది. ఆ రోజుల్లో ఎంతోమంది తమ పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నారు. ఊళ్ళో తిట్టుగా వాడిన మాటను ఉత్తరాల మీద, కరపత్రాల మీద, గోడల మీద సొంత చేత్తో రాసుకున్నారు. ఎవరో తిడితే తలవంపయ్యే మాట, మనమే రాసుకుంటే తల ఎత్తుకునే మాట అయింది. వర్గీకరణ మీద మాల, మాదిగ తమ్ముళ్ళ మధ్య వాదనలున్నాయి. ఈ వ్యాసంలో ఆ తగువు తీర్చే పని మేము పెట్టుకోలేదు. కానీ పేరు విషయంలో దండోరా నేర్పిన పాఠం ఇద్దరిదీ.

బువ్వ అంటే నవ్వినవాళ్ళు

ఇంటర్మీడియట్‌లో చేరిన మొదటి వారం. "బువ్వ తిన్నావా?" అని పక్క బెంచీవాడిని అడిగాం. క్లాసంతా నవ్వింది. వాళ్ళ ఇళ్ళలో బువ్వ అనేది చంటిపిల్లల మాటట. మన ఇంట్లో తాత కూడా బువ్వే తింటాడు. ఆ రోజు నుంచి మేము 'భోజనం' చేయడం మొదలుపెట్టాం. 'యాడికి' పోయి 'ఎక్కడికి' వచ్చింది. 'అనబాకు' పోయి 'అనొద్దు' వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి నోరు చక్కగా తిరిగింది. సెలవులకు ఇంటికి వెళితే జేజి "నువ్వు రేడియోలోవాళ్ళలాగా మాట్లాడుతున్నావేందిరా" అంది. ఆమె మెచ్చుకుందనే అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కొంచెం బెంగ కూడా ఉందనిపిస్తోంది.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. అది గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. గ్రాంథికం కోట బద్దలుకొట్టి వాడుక భాషను బడికి తేవాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించినవాడు. ఆయనంటే మాకు గౌరవం. కానీ ఆ పోరాటంలో గెలిచింది 'శిష్ట వ్యావహారికం'. అంటే చదువుకున్న పెద్దల ఇళ్ళలో మాట్లాడే తెలుగు. ఆ కాలంలో చదువుకున్న ఇళ్ళు ఎవరివి? మనవి కావు కదా! అందుకే కోట బద్దలైనా మన మాట వాకిట్లోనే ఆగిపోయింది.

మన వాడలో ఎన్ని మాటలున్నాయో లెక్క పెట్టండి. తోలు ఊనే లంద, దానిలో వేసే తంగేడు చెక్క, కుట్టే ఆరె, కోసే రంపె, మోట తోలే బాన. పొగాకు పనిలో బ్యారన్, మండె. ఇవన్నీ మనవాళ్ళ చేతుల్లో పుట్టిన చదువు. ఒక్కో మాట వెనుక ఒక్కో పనితనం ఉంది. తోలును ఎన్నాళ్ళు నానేయాలో, ఏ వాసన వస్తే తీయాలో తెలిసిన మనిషిని 'నిరక్షరాస్యుడు' అని ఒక్క మాటతో కొట్టేస్తున్నాం. ఆ మాట తెలిసిన చివరి ముసలాయన పోతే దానితోపాటు ఆ చదువు కూడా పోతుంది.

మన మాటలో సాహిత్యం పుట్టదనేవాళ్ళకు జవాబు ఎప్పుడో వచ్చింది. వేముల ఎల్లయ్య 'కక్క' నవలను నల్లగొండ మాదిగవాడ మాటలోనే రాశారు. నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథల్లో రాయలసీమ వాడ మాట్లాడింది. కథకుడు పుస్తకం భాషలో చెబుతుంటే మనవాళ్ళు మాత్రం యాసలో మాట్లాడటం కాదు, కథ నడిపేదే మన మాట. ఆ పుస్తకాలు మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఉన్నాయా? వార్డెన్ సారును అడగండి.

ఇంకో సంగతి. పుస్తకాల తెలుగు నేర్చుకోవద్దని, ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. గ్రూప్స్ పరీక్షకు ఏది కావాలో అది నేర్చుకు తీరాల్సిందే. కొత్త చొక్కా కొనుక్కోవడం మంచిదే, దాని కోసం ఒంటి మీది చర్మం తీసి ఇవ్వక్కర్లేదు.

తెరమీద మనమెక్కడ?

పేపర్లో మన హాస్టల్ పేరు ఎప్పుడు వస్తుంది? అన్నం పాడై పిల్లలు ఆసుపత్రి పాలైనప్పుడు, లేదంటే అధికారి తనిఖీకి వచ్చి పప్పుచారు రుచి చూసినప్పుడు. రెండు ఫోటోల్లోనూ మనం పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటాం. ఆ వరసలో కవిత రాసేవాడున్నాడు, కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడినవాడున్నాడు, రాత్రి రెండింటి దాకా లెక్కలు చేసే అమ్మాయి ఉంది. ఫోటోలో ఇవేమీ పడవు.

సినిమా సంగతి చూద్దాం. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. అంటరానితనం మీద తెలుగు తెర గట్టిగా మాట్లాడిన సినిమా అది. దాన్ని తక్కువ చేయం. కానీ ఆ తరవాత దశాబ్దాల పాటు మనం తెరమీద కనిపించింది ఎక్కువగా దొరగారి దగ్గర చేతులు కట్టుకునే పాలేరుగానో, హీరో వచ్చి కాపాడాల్సిన పేదవాడిగానో. యాసలో మాట్లాడేది విలన్ పక్కనుండేవాడో, నవ్వించేవాడో. పాస్టరు పాత్ర వచ్చిందంటే హాల్లో నవ్వులే. 2020లో వచ్చిన 'పలాస 1978' లాంటి సినిమాలు అట్టడుగువాడిని కథ మధ్యలో, అతని యాసతోనే నిలబెట్టాయి. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అంబేడ్కర్ 1920లో పత్రిక పెట్టి దానికి 'మూక్‌నాయక్' అని పేరు పెట్టారు. మూగవాళ్ళ నాయకుడని అర్థం. భాగ్యరెడ్డి వర్మ కూడా పత్రిక నడిపారు. చేతిలో డబ్బులేని రోజుల్లో వాళ్ళు ప్రెస్సుల చుట్టూ తిరిగారు. ఇవాళ మనలో చాలామంది జేబులో ఫోన్ ఉంది. రాసేందుకు, తీసేందుకు, పంపేందుకు అన్నీ అందులోనే ఉన్నాయి. దానితో మనం ఏం చేస్తున్నాం? ఏప్రిల్ 14న స్టేటస్‌లో నీలం జెండా పెడతాం. రంగు తెల్లబడేలా ఫిల్టరు వేసి ఫోటో పెడతాం. ఊరి పేరు దాచి, పక్కన ఉన్న టౌను పేరు రాస్తాం. స్టేటస్ ఇరవై నాలుగు గంటలకు పోతుంది. జేజి పాడే పొలం పాట రికార్డు చేసి పెట్టుకుంటే మన పిల్లల దాకా ఉంటుంది.

సర్టిఫికెట్‌లో దేవుడు

ఇక అందరం గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి. మన జిల్లాలో మనవాళ్ళ ఇళ్ళల్లో క్రీస్తు ఎప్పటి నుంచి ఉన్నాడో చాలామందికి తెలియదు. 1876–78 నాటి పెద్ద కరువు రోజుల్లో ఒంగోలు బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలు. 'గింజల కోసం కలిశారు' అని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్ళున్నారు. గింజల కోసమే అయితే కరువు పోయాక వెనక్కి వచ్చేవాళ్ళు కదా! ఊరి బావి దగ్గర నిలబడనివ్వని మనిషిని 'సహోదరుడా' అని ఒకరు పిలిచారు. ఆ పిలుపు విలువ బావి ఉన్నవాళ్ళకు తెలియదు.

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఈ హోదా అంది. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకుంటే, ఆయన వెంట నడిచినవాళ్ళకు ఈ హోదా దక్కడానికి 34 ఏళ్ళు పట్టింది. క్రైస్తవులకు, ముస్లింలకు తలుపు తెరవలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళు బీసీ–సీ కిందికి వస్తారు, అక్కడ ఉన్నది ఒక్క శాతం. 2022 అక్టోబరులో ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, క్రైస్తవం పాటిస్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది.

తీర్పును గౌరవిస్తాం. కానీ ఒక దృశ్యం చెబుతాం, ఊరి పేరు చెప్పం. కుల ధ్రువపత్రం విచారణకు అధికారి వస్తున్నాడని కబురు తెలియగానే ఒక తల్లి గోడ మీది వాక్యం క్యాలెండరు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. విచారణ అయిపోయాక మళ్ళీ తగిలించి, దాని ముందు మోకరించి "క్షమించయ్యా" అని ఏడ్చింది. ఆమె మోసం చేసింది ఎవరిని? రాజ్యాంగాన్నా, దేవుణ్ణా, తనను తానా? దేవుడు మారితే ఆ వాడ మారిందా? ఊళ్ళోవాళ్ళు ఆమెను పిలిచే పిలుపు మారిందా? కొన్నిచోట్ల స్మశానం కూడా వేరుగానే ఉంది కదా! కులం ప్రార్థన చూసి విడిచిపెట్టనప్పుడు, కులం వల్ల కలిగిన నష్టానికి ఇచ్చే సాయం మాత్రం ప్రార్థన చూసి ఎందుకు ఆగాలి? చట్టం మారాలని అడగడం మన హక్కు. దాక్కోవడం కన్నా అడగడమే మేలు.

అలాగని మన హాస్టల్‌లో మనం కడిగిన ముత్యాలమేం కాదు. అయ్యప్ప మాల వేసుకున్న తమ్ముణ్ణి 'అమ్ముడుపోయావురా' అన్నవాళ్ళున్నారు. రాత్రి ప్రార్థన చేసుకునే తమ్ముడి ముందు కావాలని పాటలు పెట్టినవాళ్ళున్నారు. పోలేరమ్మ కొలుపుకు వెళ్ళొచ్చిన చెల్లెలి చేతి ప్రసాదం వద్దన్నవాళ్ళున్నారు. బయటివాళ్ళు చేసిందే మనమూ చేస్తే తేడా ఏముంది?

ఇక్కడ మహాకవి జాషువాను తలుచుకోవాలి. వినుకొండలో 1895లో పుట్టిన క్రైస్తవుడు. 1941లో 'గబ్బిలం' రాశాడు. గుళ్ళోకి రానివ్వని ఒక పేదవాడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుతాడు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందన్నమాట! ఆయనే 'క్రీస్తు చరిత్ర' కూడా రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పురాణాలు చదివాడని ఇటువాళ్ళు, పుట్టుక చూసి అటువాళ్ళు ఆయన్ను దూరం పెట్టారు. ఆయన మాత్రం శివుణ్ణీ వదల్లేదు, క్రీస్తునూ వదల్లేదు, తన వాడనూ వదల్లేదు.

దాచుకుంటే పోతుందా?

"ఇవన్నీ ఎందుకు తమ్ముడూ? ఉద్యోగం తెచ్చుకోండి, ఊరు, పేరు ఎవరికీ చెప్పకుండా హాయిగా బతకండి" అని మన అన్నల్లో కొందరు చెబుతుంటారు. వాళ్ళను మేము తప్పుపట్టం. హైదరాబాదులో అద్దెగది కోసం తిరిగినవాడికి ఆ సలహా విలువ తెలుసు. ముందు "ఏ వూరు?" అంటారు. తరవాత "ఇంటిపేరేంటి?" అంటారు. అదీ చాలకపోతే "ఊళ్ళోనా, పల్లెలోనా?" అని అడుగుతారు. దాచుకుంటే గది దొరుకుతుంది. కానీ ఆ గదిలోకి అమ్మను ఎలా పిలుస్తాం?

ఈ తప్పు మేమూ చేశాం. డిగ్రీ పట్టా తీసుకునే రోజున అమ్మ మాతో కాలేజీకి వచ్చింది. బస్సు దిగేముందు ఆమెతో అన్నాం: "అమ్మా, ఇక్కడ ఎవరు పలకరించినా వందనాలు అనబాకు. నమస్తే అను. ఎక్కువ మాట్లాడబాకు." అమ్మ తలూపింది. ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. మా లెక్చరరుగారు దగ్గరికొచ్చి "మీ అబ్బాయి బాగా చదివాడమ్మా" అంటే నవ్వి ఊరుకుంది. పొగాకు ఆకు గుచ్చి, మిరపకాయలు కోసి మమ్మల్ని చదివించిన మనిషి, ఆ చదువు పండిన రోజున మూగదానిలా నిలబడింది. తిరుగు బస్సులో నెమ్మదిగా అడిగింది: "నా మాట నీకంత నామోషీ అయిందా నాయనా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమే ఆ జవాబు అనుకోండి.

అందుకే మిత్రులారా, మూడు పనులు చేద్దామని కోరుతున్నాం. వచ్చే ఏడాది సంచికలో ప్రతి క్లాసు నుంచి ఒకరు తమ ఇంటి మాటలో ఒక పేజీ రాయాలి, దాన్ని ఎవరూ 'దిద్దకూడదు'. మన గోడపత్రికలో వారానికొక వాడ మాట, దాని అర్థం, అది ఎవరు చెప్పారో రాయాలి. దసరా, క్రిస్మస్ సెలవుల తరవాత ఎవరి ఇంటి పిండివంట తెచ్చినా అందరం కూర్చుని తినాలి, ఏ దేవుడి ప్రసాదమని అడగకూడదు. వీటికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

ఈ నెలలో ఇంటికి వెళ్ళినప్పుడు 47 నంబరు పళ్ళెం వెతికాం. అమ్మ ఇప్పటికీ దానిలోనే బువ్వ తింటోంది. టౌనుకు తీసుకెళ్ళి దాని మీద పేరు కొట్టించాం. ఏ పేరు అని మీరు అడగొచ్చు. ఇంట్లో పేరు, బడి పేరు రెండూ కొట్టించాం. జాగా సరిపోయింది.

జై భీమ్!